పదిహేడు టీవీల్లో ఒకే సినిమా

రిపేరు షాపు ముందు హాల్లో పదిహేడు టీవీలు. పదిహేడింటిలోనూ ఒకే పాత సినిమా. సౌండు లేదు, చూసే మనిషీ లేడు.

ఓటీటీ కంపెనీ నుంచి వచ్చిన తనిఖీ అధికారి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎవరూ చూడని సినిమాను జనం ఎగబడి చూస్తున్నట్టు లెక్కలు పుట్టించేవాళ్లను పట్టుకోవడం ఆయన ఉద్యోగం. పన్నెండేళ్ల సర్వీసులో ఇంత తేలిగ్గా ఎవరూ దొరకలేదు. అసలు తలుపు తట్టే శ్రమ కూడా లేకపోయింది.

వెనక గదిలో టంకం పెట్టుకుంటున్న మెకానిక్, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని బయటికొచ్చాడు.

"ఈ టీవీలు ఎవరివి?" అడిగాడు అధికారి.

"కస్టమర్లవండీ. రిపేరుకిచ్చారు."

"వాళ్ల అకౌంట్లు కూడా రిపేరుకిచ్చారా?"

మెకానిక్ అప్పుడు చూశాడు టీవీల వంక. ముఖం పాలిపోయింది. నేరం చేసినవాడి ముఖం ఎలా ఉంటుందో అధికారికి బాగా తెలుసు, అచ్చం అలాగే ఉంది.

"మూడు రోజుల నుంచి పదిహేడు అకౌంట్లలో ఇదే సినిమా. రోజుకి నాలుగు ఆటలు. ఒక్కళ్లంటే ఒక్కళ్లు మధ్యలో ఆపి మంచినీళ్లకి కూడా లేవలేదు. మనుషులు సినిమా చూసే తీరేనా ఇది?"

ఈలోగా ఎదురు షాపు టైలరు మెళ్లో టేపుతోనే వచ్చేశాడు. గొడవ వినబడితే ఆయన చేతిలో సూది నిలవదు.

"అయ్యో, ఈయనెవరనుకున్నారు సార్? ఆ సినిమాలో హీరోతో ఫైటు చేసింది ఈయనే! హీరో కొట్టిన దెబ్బకి లారీ మీంచి కిందపడ్డాడు. కనుబొమ మీద మచ్చ చూడండి, అప్పటిదే."

ఆ వీధిలో ఆ ఫైటు తెలియనివాళ్లు లేరు. ముప్పై అయిదేళ్లుగా మెకానిక్ చెబుతున్నాడు, వీధి వింటోంది. మొదట్లో ఆగి ఉన్న లారీ, పోనుపోను కదిలే లారీ అయింది. ఈమధ్య వంతెన కూడా వచ్చి చేరింది. సినిమా మాత్రం ఇన్నేళ్లూ ఎక్కడా దొరకలేదు. మొన్న పదిహేనో తారీఖున ఓటీటీలో ప్రత్యక్షమయ్యేసరికి వీధి వీధంతా పండగ చేసుకుంది. వచ్చే ఆదివారం టైలరు షాపులో తెర కట్టి అందరూ కలిసి చూడాలని తీర్మానించారు. అప్పట్నుంచీ మెకానిక్‌కి అన్నం సయించడం లేదు. సంతోషం పట్టలేకేమో అనుకున్నారంతా.

"సార్, నేను కాదు..." అంటూ మెకానిక్ ఏదో చెప్పబోయాడు.

"ఆయన్నేం అనకండి. పెట్టింది నేను."

చేతిలో తుడుపు గుడ్డతో మెకానిక్ భార్య ముందుకొచ్చింది. బాగైన టీవీని రెండు మూడు రోజులు ఆడించి చూశాకే ఇంటికి పంపుతారు ఆ షాపులో. ఆడించి చూసే పని ఆవిడది, ఏం ఆడుతోందో మెకానిక్ పట్టించుకోడు.

"ఎందుకమ్మా ఈ వయసులో ఈ పని?"

"నెలాఖరుకి ఎవరూ చూడని సినిమాలు తీసేస్తారటగా బాబూ. మా ఆయన చేసింది ఆ ఒక్క సినిమానే. అదీ పోతే ఇక ఈయన్ని ఎవరు నమ్ముతారు?" కొంగుతో కళ్లొత్తుకుంది. "తప్పయితే నన్ను నాలుగు మాటలనండి, పడతాను. సినిమాని మాత్రం తీసెయ్యకండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

అధికారికి నిజంగానే జాలేసింది. ఆయనకీ ఇంట్లో భార్య ఉంది. ఆయన కోసం ఆవిడ ఒక్క టీవీ అయినా ఆన్ చేస్తుందా అంటే అనుమానమే.

"నా చేతుల్లో లేదమ్మా. దొంగ లెక్కలు రుజువైన సినిమాని అక్కడికక్కడే తీసెయ్యాలి. మళ్లీ ఎప్పటికీ పెట్టకూడదు. ఆ టీవీల వాళ్లందరికీ మీరే క్షమాపణ చెప్పుకోండి, మీ మీద కేసు లేకుండా నేను చూస్తాను."

ల్యాప్‌టాప్ తెరిచి, తల తిప్పుకుని మీట నొక్కాడు. పదిహేడు తెరలూ నల్లబడ్డాయి. ఈ సినిమా అందుబాటులో లేదన్న ముక్క పదిహేడుసార్లు కనబడింది.

"మిషన్లు జరిపి మరీ తెర కట్టాను కదా చెల్లెమ్మా!" అన్నాడు టైలరు. "పోనీలే. చూడకపోతేనేం, మాకు తెలీదా బావ సంగతి?" అని మెకానిక్ భుజం తట్టి వెళ్లిపోయాడు. అధికారి కూడా, సినిమాలో విలన్ తనే అయినట్టు తలొంచుకుని వెళ్లాడు.

మొగుడూ పెళ్లాలు మిగిలారు.

మెకానిక్ కుర్చీలో కూలబడ్డాడు. చాలా రోజుల తర్వాత ఆయనకి ఆకలేసింది. అయినా బాధపడాల్సిన సమయం కాబట్టి గట్టిగా నిట్టూర్చాడు.

"నా మీద ప్రేమ కొద్దీ చేశావు గానీ, చూడు, ఉన్నది కాస్తా పోయింది."

"పోవాలనే కదండీ చేసింది." ఆవిడ ఒక్కో తెరా తుడుస్తూ వెనక్కి తిరక్కుండానే అంది. "అలా చేస్తే తీసేస్తారని వాళ్ల రూల్సులోనే ఉంది, పద్నాలుగో పేజీలో. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాను."

మెకానిక్ నిట్టూర్పు సగంలో ఆగిపోయింది.

"అంటే... నువ్వు..."

"వచ్చిన రోజే చూశానండీ, మొదట్నుంచి చివరిదాకా, రెండుసార్లు. లారీ ఉంది, హీరో ఉన్నాడు, మీరే ఎక్కడా లేరు."