నీళ్లొచ్చే రోజు

టప్పుమని బ్రేకరు మళ్లీ పడిపోయింది. ఫ్యాన్లన్నీ ఆగిపోయినాయి. ఓబుల్‌రెడ్డి వెనక పోర్షన్‌కి పోయి తలుపు దబదబా బాదినాడు.

"మాబున్నీ! ఇస్త్రీపెట్టె పెట్టొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పల్ల? లోడు ఎక్కువైతే వైర్లు కాలిపోకుండా అది పడిపోతాది. నీ వల్ల ఇంటిల్లిపాదికీ కరెంటు లేదు!"

వీధి కొళాయి దగ్గర బిందెలతో నిలబడినోళ్లంతా ఇటు తిరిగి చూసినారు. అద్దెకుండే మాబున్నీ తల ఎత్తలేదు. ఇస్త్రీపెట్టె తెచ్చి ఆయన చేతిలోనే పెట్టింది.

"నీ దగ్గరే పెట్టుకోన్నా. ఇంగ నీకు అనుమానం ఉండదు."

ఓబుల్‌రెడ్డి దాన్ని చంకలో పెట్టుకొని విసురుగా వచ్చి బ్రేకరు మీట పైకెత్తినాడు. మెట్ల కింద గోనెపట్టా కప్పి, ఎవరికీ తెలీకుండా మునిసిపాలిటీ పైపుకు బిగించిన మోటరు గుర్రుమని బిగుసుకుపోయింది. కాలిన వాసన. మీట మళ్లీ పడిపోయింది.

చంకలో ఇస్త్రీపెట్టె చల్లగా తగులుతాంది. పొద్దున్నుంచి దాన్ని ముట్టుకున్నట్టే లేదు.

అంతలో వెనక పోర్షన్ నుంచి బిందెలో ధారగా నీళ్లు పడే చప్పుడు, ఆ వెంటనే మాబున్నీ గొంతు.

"అన్నా, కోప్పడొద్దు. మీట ఇంకొంచేపాగి వెయ్యి. ఎందుకో తెలీదు గానీ, అది పడిపోయినప్పుడే మా కొళాయికి నీళ్లొస్తాయి."

మిద్దె మీద నుంచి భార్య కేకేసింది. "ట్యాంకు నిండలేదు, మోటరెయ్యి!"

ఓబుల్‌రెడ్డి మీట మీంచి చెయ్యి తీసేసినాడు. ఇస్త్రీపెట్టె తిరిగిచ్చి రావల్ల. మాబున్నీ తలుపు నాలుగడుగుల దూరమే. కాళ్లు కదల్లేదు.