చలాకీ

"చలాకీ అంటే అర్థం తెలుసా పెద్దమ్మా?"

కుట్టుషెడ్డు సూపర్‌వైజరమ్మ మడతబల్ల దగ్గర నిలబడి అడిగింది.

మూడు నెలల కిందట చేరిన పెద్దావిడ తలెత్తి నవ్వింది.

"తెలుసు తల్లీ. నా దగ్గర లేనిది."

బల్ల చుట్టూ ఉన్న ఆరుగురూ కిసుక్కుమన్నారు. ఆవిడకు వాళ్ళు పెట్టిన పేరు నత్తమ్మ.

అక్కడ కుట్టేవి పురిటిబిడ్డల చొక్కాలు. శనివారంలోగా ఆసుపత్రికి రెండు వేలు అందాలి. అందకపోతే ఆర్డరు పోతుంది, దాంతో షెడ్డూ మూతపడుతుంది. ఆ బెంగతో సూపర్‌వైజరమ్మకు వారంగా కంటిమీద కునుకు లేదు. నడుము తనది కాదన్నట్టుంది.

సాయంత్రం మడిచిన దొంతరలు లెక్కపెట్టింది. ఆరుగురివీ తలా అరవై. నత్తమ్మవి ఇరవై.

"రేపట్నుంచి రాకండి పెద్దమ్మా. మీరు మంచివారే. మంచితనాన్ని పెట్టెల్లో సర్ది పంపలేను కదా!"

"అలాగేలే. నువ్వు కాస్త పడుకో తల్లీ, కళ్ళు గుంటలు పడ్డాయి."

చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ చోట్లోకి వచ్చినామె చేతులు గాలిలో ఎగిరాయి. సరుకు శుక్రవారానికే వెళ్ళింది.

సోమవారం పెట్టెలన్నీ తిరిగొచ్చాయి. ఒక చిట్టి చొక్కా అంచులో విరిగిన సూదిమొన దొరికిందట. తొడిగేముందు నర్సు చూసింది కాబట్టి సరిపోయింది. ఇక మీ సరుకు వద్దని చీటీ పెట్టారు.

సూపర్‌వైజరమ్మ స్టూలు మీద కూలబడింది.

"సూది విరిగితే ముక్కలన్నీ తెచ్చి చూపించాకే కొత్తది తీసుకోమన్నానా లేదా?"

మిషన్లు ఆగిపోయాయి. ఒకమ్మాయి గొణిగింది.

"ముక్క కోసం వెతుకుతుంటే చలాకీ లేదని తిడతారు కదక్కా. అందుకే చెప్పకుండా మేమే కొత్తది వేసుకునేవాళ్ళం. ఎప్పట్నుంచో ఇంతే."

"ఎప్పట్నుంచో అయితే, మూడు నెలలుగా ఒక్క చొక్కా తిరిగి రాలేదేం?"

ఈసారి మడతబల్ల వైపు నుంచి జవాబొచ్చింది.

"మేం మడిచినవన్నీ నత్తమ్మ ఒళ్ళోకి లాక్కునేది. విప్పి, వేళ్ళతో తడిమి, మొన దొరికితే తీసేసి, మళ్ళీ మడిచి మా దొంతరల్లోనే పెట్టేది. కుట్టే పిల్లలు తిట్లు తింటారు, మీకు చెప్పొద్దనేది."

"అందరివీనా?"

"అందరివీ."

సూపర్‌వైజరమ్మ లెక్క కట్టింది. ఆరుగురివి మూడు వందల అరవై, నత్తమ్మవి ఇరవై, రోజుకు మూడు వందల ఎనభై చొక్కాలు మడిచిన మనిషిని తను నెమ్మదని పంపేసింది.