చీఫ్ మెకానిక్ కావలెను

ఆ ఉదయం మెకానిక్ చేతిలో ఉన్నవి మూడే. మూతపడిన తన షాపులోంచి మిగిలిన పనిముట్ల పెట్టె, అందులో గుడ్డలో చుట్టిన, కారు షాఫ్టుకు వేసే ఒక కొత్త యూనివర్సల్ జాయింటు, సాయంత్రం దాకా గడువు. గడువు పెట్టింది బావమరిది.

“ఆరింటికల్లా తేల్చి చెప్పు బావా. గోదాములో బస్తాలు లెక్కరాసే పని పదిరోజులుగా నీకోసం ఆపించాను. మా ఓనరు ఇంక ఆగడు.”

పేపర్లో ప్రకటన చూసి మధ్యాహ్నం అతను వెళ్ళిన షెడ్డు మధ్యలో రేసు కారు, వెనక చక్రాలు నేలకు తగలకుండా స్టాండ్ల మీద ఉంది. ఆ కారు యజమాని కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

“దీంట్లో లోపం నేనే పెట్టించాను. పట్టుకుని బాగుచేస్తే మా రేసు జట్టుకు చీఫ్ మెకానిక్ మీరే. చూద్దాం, మీ చెయ్యేపాటిదో.”

“ఏం చేస్తోంది సార్ బండి?”

“స్పీడు పెరిగేకొద్దీ వణుకుతుంది. అంతకంటే చెబితే కాపీ కొట్టించినట్టే.”

మెకానిక్ ఇంజను స్టార్ట్ చేసి గేర్లు మారుస్తూ చక్రాల వేగం పెంచాడు. సీటు కింద రేకు గడగడలాడింది. న్యూట్రల్ చేసి ఇంజను ఆపేశాడు. చక్రాలు వాటంతటవే తిరుగుతున్నంతసేపూ వణుకు ఆగలేదు.

“ఇంజనూ కాదు, గేర్‌బాక్సూ కాదు సార్. గేర్‌బాక్సు నుంచి వెనక్కి పోయే షాఫ్టులో ఉంది రోగం. అన్నట్టు, క్లచ్చి కొత్తగా ఉంది. మూడో గేరు చిటికెనవేలితో పడుతోంది. ఎవరో మంచి పనిమంతుడి చెయ్యి పడింది!”

“మా దగ్గర అందరూ అంతే,” అన్నాడు యజమాని.

మెకానిక్ కారు కిందికి దూరి, షాఫ్టును రెండు చేతులతో పట్టి మెలితిప్పాడు. టక్కుమంది. విప్పేముందు గుర్తుగా సుద్దగీతలు గీసుకుని జాయింటు ఊడదీశాడు. ఎర్రటి పొడి అరచేతిలోకి రాలింది.

“ఇది పెట్టిన లోపంలా లేదు సార్. ఏళ్ళ తరబడి గ్రీజు మొహం చూడని జాయింటిది.”

“చూడగానే తెలిసిపోతే అది పరీక్షెలా అవుతుందయ్యా?”

మెకానిక్‌కు నవ్వొచ్చింది. గట్టివాడే అనుకున్నాడు.

“కొత్త జాయింటు ఇప్పించండి, గంటలో బిగించేస్తా.”

“స్టోరు తాళం మేనేజరు దగ్గరుంది. రేపొస్తాడు. రేపటికేమో ఇంకొకరిని రమ్మన్నాను మరి.”

మెకానిక్ పెట్టె వైపు చూశాడు. షాపు సరుకంతా అయినకాడికి అమ్మేసినా ఆ ఒక్కటీ చేతులు రాక దాచుకున్నాడు. గుడ్డ విప్పాడు. గీతకు గీత కలిసేలా షాఫ్టు బిగించాడు. షాఫ్టు కొసనున్న పళ్ళలో ఒక్క పన్ను అటూ ఇటూ అయినా మళ్ళీ వణుకే.

అయిదున్నరకు, సీటు పక్కన రేకు మీద నీళ్ళ గ్లాసు పెట్టి చక్రాలను పూర్తి వేగానికి తీసుకెళ్ళాడు. గ్లాసులో నీళ్ళు తొణకలేదు.

యజమాని లేచి వచ్చి, ఆ గ్రీజు చేతినే పట్టుకుని ఊపాడు. “సోమవారం ఎనిమిదింటికి వచ్చెయ్యండి. ఇస్త్రీ చొక్కా వేసుకోండి. జట్టుకు పరిచయం చెయ్యాలి.”

గేటు దాటకముందే మెకానిక్ ఫోను తీశాడు. “ఒరేయ్, ఆ బస్తాలేవో నువ్వే లెక్కపెట్టుకోరా. మీ బావ రేసు జట్టుకు చీఫ్ మెకానిక్!”

“నిజమా! అయితే ఆ పని వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమంటాను. మళ్ళీ నన్నడిగితే లాభం లేదు.”

“అడిగితే చెప్పుచ్చుకు కొట్టు.”

సోమవారం ఎనిమిదికి పది నిమిషాల ముందే చేరుకున్నాడు. షెడ్డు షట్టరుకు తాళం వేసి ఉంది. సందులోంచి చూస్తే లోపల నేల మీద నూనె మరక తప్ప ఏమీ లేదు. షట్టరు ముందు అప్పటికే ఇద్దరు నిలబడి ఉన్నారు. ఇద్దరివీ ఇస్త్రీ చొక్కాలే.

వాళ్ళలో పెద్దాయన పక్కకు జరిగి అతనికి చోటిచ్చాడు.

“నాది క్లచ్చి, ఈయనది మూడో గేరు, మీరేం బాగుచేశారు?”