జమైకా స్వెటరు

"ముందు ఆ జుట్టు సంచిలో పెట్టెయ్ తల్లీ. అది కనబడుతుంటే నేను లోపలికి రాను" అంది మిస్ ఐసిల్డా.

బారిస్టరు బ్రోన్విన్ కోర్టులో వాదించేటప్పుడు బారిస్టర్లు పెట్టుకునే తెల్ల విగ్గు తన చేతిలో ఉంటే, దాని వంక చూసుకుంది. పొద్దున ఇంకో కోర్టులో ఓ కుటుంబం చేత ఇల్లు ఖాళీ చేయించకుండా ఆపి, అటునుంచి అటే పరుగెత్తుకొచ్చింది. రేపు ఉద్యోగం ఊడిన బస్సు డ్రైవరు కేసు. మధ్యలో ఈ పెద్దావిడ.

"ఇక్కడ ఎవరూ పెట్టుకోరండీ. వలస కేసులకి మామూలు బట్టలే."

"పెట్టుకోకపోతే సరే. కనబడనూ కూడదు."

పెద్దవాళ్ళ చాదస్తం అనుకుని నవ్వుకుంటూ బ్రోన్విన్ విగ్గును సంచిలో కుక్కింది.

"ఇప్పుడైనా చెప్పండి. మీరు ఆ రెండేళ్ళూ జమైకా వెళ్ళారా, లేదా?"

ఐసిల్డా విసుగ్గా పళ్ళ సందున చిన్నగా చప్పుడు చేసింది. "మా చర్చి ఆడవాళ్ళు ఎంత చక్కటి టోపీలు పెట్టుకొచ్చారో చూడు. నా కోసం పనులు మానుకుని వచ్చారు పాపం."

"నేనడిగింది టోపీల గురించి కాదండీ!"

పదహారేళ్ళ పిల్లగా జమైకా నుంచి లండన్‌లో దిగి, బడిపిల్లలకు వండి వార్చి ముసలిదైపోయిన మనిషి ఐసిల్డా. ఇప్పుడు సర్కారు పొమ్మంటోంది. ఇక్కడ ఉండే హక్కున్న వాళ్ళయినా రెండేళ్ళు దాటి బయటి దేశంలో ఉంటే ఆ హక్కు పోతుందట. ఐసిల్డా అలా వెళ్ళిందన్న మాట వాళ్ళకు అందించింది ఎవరో కాదు, కన్న కూతురు వెరోనా. అమ్మకు మేలు చేద్దామని వలసల ఆఫీసుకు వెళ్ళి, అమ్మ కథంతా చెబుతూ చెబుతూ, "నా చిన్నప్పుడు అమ్మమ్మకు జబ్బు చేస్తే అమ్మ జమైకా వెళ్ళి, రెండేళ్ళు దాటాక వచ్చింది. ఎంత మంచి కూతురో చూడండి" అనేసింది. వాళ్ళకు కావలసింది అదే.

తల్లి నోరు విప్పేలా లేదని, బ్రోన్విన్ ముందు కూతుర్నే సాక్ష్యానికి పిలిచింది. సర్కారు తరఫున లొమాక్స్ లేచాడు. మెత్తగా మాట్లాడే మనిషి.

"మీ అమ్మగారు జమైకా నుంచి తిరిగొచ్చిన రోజు మీకు గుర్తుందా అమ్మా?"

"ఎందుకు గుర్తుండదు! పిన్ని వాళ్ళింట్లో ఉన్నాను. అమ్మ తలుపు కొట్టింది. నాకోసం స్వెటరు తెచ్చింది. పసుపుపచ్చ ఉన్ని స్వెటరు, తన చేత్తో అల్లింది. మోచేతుల దగ్గర చిరుగులు పడేదాకా వేసుకున్నాను."

"అంటే వెళ్ళిన మాట నిజమే, చాలాకాలం ఉండి వచ్చిన మాటా నిజమే." లొమాక్స్ జడ్జిగారి వైపు తిరిగి తల వంచాడు. "నా తోటి న్యాయవాది పిలిచిన సాక్షే చెబుతున్నారు."

వెరోనా నాలుక కరుచుకుంది. "అమ్మా, నేను..."

"నువ్వేం తప్పు మాట్లాడలేదులే. వెళ్ళి కూర్చో" అంది ఐసిల్డా. వెరోనా వెళ్ళి టోపీల ఆడవాళ్ళ పక్కన కూలబడింది. ఒకావిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

బ్రోన్విన్ రాస్తున్న కలం ఆగిపోయింది. ఉన్ని స్వెటరా? ఏడాది పొడుగునా చెమటలు కక్కించే జమైకాలో కూర్చునా? పక్కకు తిరిగి చూసింది. ఐసిల్డా లొమాక్స్‌ను చూడటం లేదు, జడ్జిగారినీ చూడటం లేదు. బల్ల కింద సంచిలోంచి కాస్త బయటకు వచ్చిన విగ్గు వైపే చూస్తోంది, పామును చూసినట్టు.

బ్రోన్విన్ కాలితో సంచిని వెనక్కి తోసింది. జడ్జిగారిని ఒక్క నిమిషం అడిగి, ముసలావిడ చెవి దగ్గరికి వంగింది.

"నాకు అర్థమైంది మిస్ ఐసిల్డా. కానీ మీరు చెప్పమంటే తప్ప నేను నోరు విప్పను. నా వృత్తి అలాంటిది."

"చెప్పకపోతే?"

"మిమ్మల్ని విమానం ఎక్కిస్తారు."

"చెబితే?"

బ్రోన్విన్ వెనక వరుసలోని రంగురంగుల టోపీల వైపు, కళ్ళు తుడుచుకుంటున్న వెరోనా వైపు చూసింది.

ఐసిల్డా తన టోపీ సరిచేసుకుని, వెళ్ళి సాక్షి కుర్చీలో కూర్చుంది. లొమాక్స్ గొంతు ఇంకా మెత్తబడింది.

"పెద్దవారు, మిమ్మల్ని తిప్పలు పెట్టను. ఒకే ఒక్క ప్రశ్న. ఆ రెండేళ్ళ పైచిలుకూ మీరు జమైకాలో లేకపోతే, మరెక్కడున్నారు?"

"వెరోనా, ఇటు చూడకమ్మా" అంది ఐసిల్డా. వెరోనా చూస్తూనే ఉంది.

"మీ అమ్మమ్మను నేను మళ్ళీ చూడనే లేదు తల్లీ. ఓ సాయంత్రం మా ఇంటి యజమాని తలుపు నెట్టుకుని నా గదిలోకి వచ్చాడు. నా చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది, దాంతోనే కొట్టాను. ఆ తర్వాత ఈ లాయరమ్మ సంచిలో ఉన్నలాంటి విగ్గు పెట్టుకున్న పెద్దమనిషే నా తరఫున మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు పాపం, కానీ ఓడిపోయాడు."

టోపీలన్నీ వెరోనా వైపు తిరిగాయి. ఐసిల్డా లొమాక్స్ వైపు తిరిగింది.

"నేను ఈ దేశం దాటి ఎక్కడికి పోతాను బాబూ? ఇక్కణ్ణుంచి రెండు బస్సులు మారితే వచ్చే ఆడవాళ్ళ జైల్లో, మీ సర్కారే నన్ను తాళం వేసి మరీ ఉంచుకుంది!"