తాసీల్దారు తప్పించుకోకూడదు

“మూడో అభియోగం కూడా నిలవదు దొరా. ఫిర్యాదు చేసినవాణ్ణి నా ఎదుట నిలబెట్టండి. అడగాల్సినవి నేను అడుగుతాను. అది మీ సర్కారు పెట్టిన పద్ధతే.”

దేవరాజు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. కరుణ చేతిలోని కాగితాలు సోఫా మీద పడేసింది.

“మామయ్యగారూ, మళ్లీ మీరే గెలిచేశారు! తాసీల్దారు ఓడిపోవాలండీ.”

“ఓడించమ్మా. నేను వద్దన్నానా?”

గల్ఫ్‌లో, బనియాస్‌లోని తెలుగువాళ్ల వార్షికోత్సవానికి కరుణ రాసిన తొలి నాటకం అది. తెల్లదొరల కాలంలో గోదావరి లంక భూమి కాజేసిన తాసీల్దారు మీద కలెక్టరు జరిపే విచారణ. డిగ్రీలో చరిత్ర చదివిన కరుణకు ఆ పద్ధతి కంఠతా వచ్చు. అభియోగం రాసివ్వాలి, సంజాయిషీ తీసుకోవాలి, సాక్షుల్ని నిందితుడు ప్రశ్నించనివ్వాలి. ఆ తర్వాతే ఉద్యోగం ఊడబెరకాలి. దొంగను కూడా పద్ధతి ప్రకారమే పట్టుకోవాలని ఆమె పట్టుదల. రేపు సంఘం పెద్దల ముందు ఆడి చూపించాలి. ముగింపు కుదరకపోతే ఇక నాటకం లేనట్టే.

కలెక్టరు వేషం తనే తీసుకుంది. తాసీల్దారు వేషానికి, నిరుడు తాసీల్దారుగానే రిటైరై ఈమధ్యే కొడుకు దగ్గరికి వచ్చిన మామగారికంటే తగినవాడెవరు? అడగ్గానే ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆమెకంటే ఆయనకే ఆత్రం ఎక్కువ. అన్నం తింటూ కూడా “ఇంకో ప్రశ్న వెయ్యమ్మా, జాలి చూపించకు” అంటున్నాడు.

ఐకాడ్ ఫ్యాక్టరీల్లో డ్యూటీ దిగి వచ్చిన జోషువా గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ అడిగాడు.

“ఇంకా తేలలేదా మీ కచేరీ? యల్లా, కానియ్ నాన్నా, ఓడిపోవచ్చుగా. ఆకలేత్తంది.”

“ఓడిస్తే ఓడతాన్రా. మీ ఆవిడ దగ్గర సరుకు లేదు.”

కరుణకు రోషం వచ్చింది. లేచి నిలబడింది.

“తాసీల్దారుగారూ, లంక భూమి ఎవరికిచ్చారు?”

“దిక్కులేని విధవరాలికి. పట్టా ఆవిడ పేరునే ఉంది, చూసుకోండి.”

“వేలిముద్ర?”

“ఆవిడదే.”

“సాక్షులు?”

“ఇద్దరున్నారు. ఎప్పుడు పిలిస్తే అప్పుడొస్తారు.”

జోషువా చప్పట్లు కొట్టాడు. “ఖలాస్! దొరగారు ఇక సీమకు ఓడెక్కొచ్చు.” తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లాడు.

కరుణ నవ్వలేదు. ఇన్నాళ్లూ తను పట్టా చుట్టూనే తిరుగుతున్నానని అప్పుడు తట్టింది.

“పట్టా సంగతి వదిలేద్దాం. ఆ లంకలో పంట ఏటా ఎవరింటికి చేరుతోంది?”

దేవరాజు తాగబోతున్న మజ్జిగ గ్లాసు మెల్లగా కింద పెట్టాడు.

“దొరికారు!” కరుణ గంతేసినంత పని చేసింది. “అబ్బ, ఏం నటించారు మామయ్యగారూ! రేపు కూడా ఇలాగే, ఒక్క మాట మాట్లాడకండి. హాలు దద్దరిల్లిపోతుంది.”

“లేదమ్మా. దీనికేదో జవాబు ఉండాలి. నువ్వే ఆలోచించి చెప్పు.”

“ఎందుకండీ? ఆయన దగ్గర జవాబు లేకపోతేనే కదా మన నాటకం పండేది!”

స్నానాల గది తలుపు మూసి ఉందో లేదో చూసుకుని, దేవరాజు గొంతు తగ్గించాడు.

“సోమవారం ఆన్‌లైన్‌లో నన్ను విచారిస్తున్నారమ్మా.”