ఓటుకు తగిన మొహం

కొట్టు గోడకి రెండు పోస్టర్లు అంటించారు. సాతార్ వాటి ముందు నిలబడి పావుగంట దాటింది.

మొదటి పోస్టరులో ఎమిల్ మరాతోవిచ్. నల్ల కోటు, ఎర్ర టై, నున్నగా దువ్విన జుట్టు. రాజధానిలో చదువుకున్నవాడు. నవ్వితే పళ్ళు పింగాణీ కప్పుల్లా మెరుస్తున్నాయి.

రెండో పోస్టరులో కింది వీధి గొర్రెల కాపరి. తెల్ల టోపీ కిందనుంచి చెవులు బయటికి పొడుచుకొచ్చాయి. ఎవరో తిడుతుంటే వింటున్నట్టుంది వాలకం.

“ఛీ! ఇదీ ఒక మొహమేనా?” అన్నాడు సాతార్.

కొట్టు నడిపే తాజీగుల్ కిసుక్కున నవ్వింది.

“నువ్వే చెప్పు తాజీగుల్. ఇలాంటివాడు ఊరి మండలిలో కూర్చుంటే ఏం బాగుంటుంది?”

“కుర్చీలోనే కూర్చుంటాడు కదన్నా, మా నెత్తి మీద కాదుగా! అయినా ఇవేమన్నా పెళ్ళిచూపులా? నీళ్ళు తెస్తే చాలు.”

నీళ్ళ గొడవే అసలు గొడవ. పై వీధికి కుళాయిలు వచ్చి ఆరేళ్ళయింది. కింది వీధివాళ్ళు ఇంకా వాగు నుంచే మోసుకుంటున్నారు. చలికాలమైతే మంచు పగలగొట్టి మరీ. సాతార్ పెళ్ళాం బూరుల్ రోజుకి పది బకెట్లు మోస్తుంది. నడుము పట్టేసి పోయిన నెలంతా వంగే నడిచింది.

మండలిలో కింది వీధి మనిషి ఒక్కడుంటే పైపు వస్తుంది. అందుకే వీధంతా కలిసి కాపరిని బలవంతంగా నిలబెట్టింది. పోయిన వసంతంలో వాగు పొంగితే పార పట్టుకుని ముందు దిగింది అతనే మరి. అటు పై వీధి, ఇటు కింది వీధి, ఓట్లు ఇంచుమించు సమానం. ఒక్క ఓటు అటూ ఇటూ అయినా అంతా తారుమారే.

ఇంత తెలిసీ సాతార్‌కి మనసొప్పడం లేదు. ఏం చేస్తాం! అతని తండ్రి బతుకంతా పెద్దమనుషుల గుర్రాల కళ్ళేలు పట్టుకుని నిలబడ్డాడు. మెరిసే బూట్లు కనపడితే చాలు, వంగి దండం పెట్టేవాడు. ఆ బుద్ధి కొడుక్కీ అబ్బింది.

మొన్న విందులోనూ అంతే. పెద్దలు కూర్చునే పై చోటులో ఉన్న అక్మత్ తాత కేకేశాడు.

“ఒరేయ్ సాతార్, ఇలా పైకి రారా! పెద్దమనిషికి పెట్టే గొర్రె తలకాయ ఇవాళ నీకే.”

“అయ్యో, నాకెందుకు తాతా? ఎమిల్ మరాతోవిచ్‌లాంటి వాళ్ళు వచ్చినప్పుడు పెడుదురుగానీ” అంటూ సాతార్ తలుపు దగ్గర చెప్పులు విడిచేచోటే సర్దుకున్నాడు.

“చెప్పులతో ఏం చుట్టరికంరా నీకు!” అని తాత విసుక్కున్నాడు.

శుక్రవారం బడిలో సభ పెట్టారు. ఎమిల్ మరాతోవిచ్ ముప్పావుగంట మాట్లాడాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. సాతార్ మాత్రం నోరు వెళ్ళబెట్టి విన్నాడు. తర్వాత కాపరి లేచాడు. “నీళ్ళు... తెస్తా...” అన్నాడు. టోపీతో చెమట తుడుచుకుని కూర్చున్నాడు. అంతే! సాతార్‌కి తల కొట్టేసినట్టయింది. భూమి చీలితే బాగుండుననిపించింది. ఎమిల్ మరాతోవిచ్ మాత్రం కాగితాలు సర్దుకుంటూ అటు తలెత్తి చూడనే లేదు.

బయట గుమ్మం దగ్గర ఎమిల్ మరాతోవిచ్ సాతార్ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. మెత్తటి చేతులు. అత్తరు వాసన కూడానూ.

“పెద్దాయనా, నన్ను గుర్తుంచుకుంటారుగా? మీలాంటివాళ్ళ ఓటే నాకు బలం.”

“మీరు ఇంతగా అడగాలా దొరా!” అన్నాడు సాతార్.

చుట్టూ ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. తన మంచితనానికి మురిసిపోతున్నారనుకుని ఎమిల్ మరాతోవిచ్ కూడా నవ్వాడు.

ఆదివారం పొద్దున బూరుల్ ఇస్త్రీ చొక్కా చేతికిచ్చింది.

“చూడు, నీ సంగతి నాకు తెలీదా? కోటు కనపడితే కరిగిపోతావు. నోరు మూసుకుని ఆ కాపరికి వేసి రా. అటు వేశావో, రేపట్నించి బకెట్లు నువ్వే మొయ్యాలి!”

“సరేలేవే.”

“సరేలే కాదు. రొట్టె మీద చెయ్యి వేసి చెప్పు.”

వేశాడు. రొట్టె మీద పెట్టిన ఒట్టు తప్పినవాడు ఆ ఊళ్ళో ఇంతవరకు లేడు.

ఓటు వేసే తెర వెనక ఒంటరిగా నిలబడ్డాడు సాతార్. బూరుల్ నడుము గుర్తొచ్చింది. పెన్ను రెండో గడి దాకా వెళ్ళింది. అంతలో ఆ చెవులు, ఆ చెమట, ఆ ‘తెస్తా’ కళ్ళ ముందు ఆడాయి. రేపు జిల్లా నుంచి అధికారులొచ్చి ఈ మొహాన్ని చూస్తే? ఊరి పరువేం కాను! నీళ్ళదేముంది, ఇన్నాళ్ళూ మోసుకోలేదా?

కళ్ళు గట్టిగా మూసుకుని మొదటి గడిలో గీత పెట్టేశాడు.

బయటికి రాగానే గుండె తేలికపడింది. బూరుల్ కనపడగానే మళ్ళీ బరువెక్కింది.

“ఒట్టు నిలబెట్టుకున్నావా?”

“ఊఁ” అన్నాడు సాతార్, ఆవిడ నడుము వైపు చూడలేక.

సాయంత్రానికి కింది వీధంతా బడి వరండాలోనే ఉంది. బూరుల్ సంబరం చెప్పనలవి కాదు. పైపు పెరట్లో ఏ మూల పెట్టించాలో పక్కింటావిడతో అప్పుడే వాదన మొదలుపెట్టింది.

తలుపు తెరుచుకుంది. హెడ్మిస్ట్రెస్ కాగితంతో బయటికి వచ్చింది.

“ఎమిల్ మరాతోవిచ్‌కి నూట పదమూడు ఓట్లు” అని చదివి, ఆవిడ కళ్ళద్దాల పైనుంచి బూరుల్ మొగుడి వైపు జాలిగా చూస్తూ, “మన సాతార్‌కి నూట పన్నెండు” అంది.