తూర్పున బావి

“గడప దగ్గర్నుంచి బావికి ఎన్ని అడుగులు?”

“పద్దెనిమిది.”

“ఏ దిక్కున?”

“తూర్పున.”

చక్రాల కుర్చీలోని ముసలామె తలూపింది. “దీవిలో నిన్ను ఎన్నాళ్ళు ఆపారు?”

“నలభై రోజులు.”

ఆమె కళ్ళు మూసుకుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఓడలెక్కి వచ్చిన చైనావాళ్ళ చరిత్రను భద్రపరిచిన మ్యూజియం అది. గోడమీద చైనాలోని తైషాన్‌లో ఒక ఇంటి ఫొటో, మూలన దిక్కుల గుర్తు. కింద చీటీ: ‘మార్ హోయ్‌లెంగ్ కోసం అక్క ఎదురుచూస్తోంది. ప్రతి ఆదివారం ఇక్కడే.’

హోయ్‌లెంగ్ నాలుగు ఆదివారాలు ఆ చీటీ చదివి వెనుదిరిగాడు. ఐదో ఆదివారం కాళ్ళు కదల్లేదు. ఆయనది ఒంటిగది బతుకు. కొత్త సంవత్సరం నాడు కూడా బల్లమీద ఒక్కటే గిన్నె. పేరు పెట్టి పిలిచే చివరి మనిషి పోయి మూడేళ్ళయింది.

నిజానికి ఆ పేరూ ఆయనది కాదు. ఇక్కడున్న చైనావాళ్ళ పిల్లల్నే దేశంలోకి రానిచ్చే రోజులవి. పన్నెండో ఏట మేనమామ కొనితెచ్చాడు: ఒక పేరు, ఈ దేశంలో స్థిరపడ్డ ఒక తండ్రి, ఆ తండ్రి ఇంటి వివరాలు రాసిన కాగితం. ఓడలో దాన్ని బట్టీపట్టి సముద్రంలో పడేశాడు. వచ్చినవాళ్ళను ఆపి విచారించే దీవిలో అధికారులు అడిగినవన్నీ అప్పజెప్పి, కొడుకుగా ఒడ్డెక్కాడు. చూడని ఇల్లు గుర్తుండిపోయింది. పుట్టిన ఇల్లు గోడ గోడా చెరిగిపోయింది. ఈ రెంటిలో తన జ్ఞాపకం ఏదో ఆయన ఎన్నడూ తేల్చుకోలేకపోయాడు.

“నాయనమ్మా, ఈయన కాదు!” మనవరాలు కరీన్ ఫొటోకేసి వంగింది. “బావి పడమటి వైపుంది చూడు. సొంతింటి బావిని ఎవరైనా మరిచిపోతారా? తాతయ్యా, మా నాయనమ్మ చిన్నప్పుడే ఊరందరికీ కాగితాలు రాసిపెట్టిందట. ఆమెను ఏమార్చలేవు.”

హోయ్‌లెంగ్ చేతిలో టోపీ నలిగింది. ఆనాడు తప్పితే దేశం దక్కేది కాదు. ఈనాడు తప్పితే మనిషే దక్కదు.

“నువ్వుండవే! ఆ ఇంట్లో పుట్టినట్టే మాట్లాడతావు,” ముసలామె కసిరింది. “పో, టీ పట్టుకురా. రెండు.”

కరీన్ మూతి ముడుచుకుని వెళ్ళింది. ఆయన ఆమె కుర్చీ పక్కన మోకాళ్ళమీద కూలబడ్డాడు.

“అమ్మా, మీతో అబద్ధం ఆడలేను. నేను…”

“అక్కా అను.”

“ఆ బావి నీళ్ళు నేనెప్పుడూ తాగలేదు. మీ తమ్ముణ్ణి కాను.”

“తెలుసు. ఫొటో చూసి పడమర అన్నావంటే అప్పుడే పొమ్మనేదాన్ని.”

ఆయనకు అర్థం కాలేదు. ఆమె ఆయన నలిపిన టోపీని సరిచేసి తలమీద పెట్టింది.

“ఆ కాగితంలో తూర్పని తప్పు రాసింది నేనే.”